కుడివైపు తీగ

డెల్టా బాయ్స్ – తొమ్మిదో భాగం

హెలెన్‌ని పోయినవారం బాపట్ల కల్యాణమండపం గుమ్మంలో వదిలి ఆగాం. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో బండి మారి, ఎండకి మొహం కందిపోయి వచ్చిన డెబ్బై ఏళ్ళ మనిషిని గుమ్మంలో కుర్రాడొకడు "పాసుందా అమ్మా?" అని అడిగాడు. పాసు! ఏ పాట కోసం ఆ సభ పెట్టారో, ఆ పాటలో గిటారు వాయించిన మనిషికి పాసు కావాలంట.

కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. యాభై ఏళ్ళ కిందట బాపట్లలో చదువుకునే ఇద్దరు కుర్రాళ్ళు, రేపల్లె చర్చిలో గిటారు నేర్చుకున్న ఒక ఆడపిల్ల కలిసి ఒక రాక్ బృందం కట్టారు. పేరు 'డెల్టా బాయ్స్'. ఆడపిల్ల ఉండగా బాయ్స్ ఏంటని అప్పుడే అడగాల్సింది. అడగలేదు. మద్రాసు వెళ్ళి 'ఉప్పుకయ్య', అంటే ఉప్పుమడి, అని తెలుగులో ఒక రాక్ పాట రికార్డు చేశారు. పాడింది కొల్లిపర శశిధర్. డ్రమ్ములు కొట్టింది కొల్లూరు లంకల వీరాస్వామి. గిటారు హెలెన్. రికార్డు అట్ట మీద మాత్రం గిటారు పట్టుకుని నవ్వుతున్నది శశిధర్ బావ కరుణాకర్. వాళ్ళని కారులో మద్రాసు తీసుకెళ్ళిన మనిషి. గిటారుకి ఎన్ని తీగలుంటాయో కూడా తెలియని మనిషి. పేరూ ఆయనదే వేశారు.

ఆ తర్వాత హెలెన్ షిల్లాంగ్‌లో ఒక బడికి సంగీతం టీచరుగా వెళ్ళిపోయింది. రిటైరై ఈ మధ్యే రేపల్లె తిరిగొచ్చింది. వచ్చిన కొత్తల్లో ఇంకా జనం చేరని ఒక పందిట్లో ఆ పాట వినపడితే ఆగి విన్నది. పాటలో ఆమె గిటారు లేదు. పేరు తీసేస్తే తీసేశారు, ఇప్పుడు వాయించిందే చెరిపేశారా అని ఒళ్ళు మండిపోయింది. ఈలోగా కరుణాకర్ మనవరాలు మనీషా హైదరాబాదులో కంపెనీ పెట్టి ఆ రికార్డుని మళ్ళీ తెస్తోందని, అట్ట మీద పేర్లు ఈ సభలోనే ప్రకటిస్తారని తెలిసింది. అందుకే ఈ ప్రయాణం. హెలెన్ సంచిలో మొదట వచ్చిన చిన్న రికార్డు ఉంది, మోనోది, పాటా వాయిద్యాలూ ఒక్క శబ్దంగా కలిపినది. ఫోన్లో వీరాస్వామి ఇచ్చిన మాట ఉంది. "రా హెలెనూ. నేనున్నాగా. ఉన్నది ఉన్నట్టు చెప్తా."

సరే. గుమ్మం దగ్గరికి వద్దాం.

"పాసు లేదు బాబూ. ఏం చేస్తావు, మెడబట్టి గెంటుతావా?" అంది హెలెన్. కుర్రాడు పక్కకి తప్పుకున్నాడు. తెల్లజుట్టుతో, తెల్లచీరతో ఉన్న ముసలి టీచరు మీద చెయ్యి వేసే ధైర్యం బాపట్లలో ఎవడికీ లేదు.

లోపల సగం ఊరు కూర్చుని ఉంది. స్టేజీ మీద ఫ్లెక్సీలో ముగ్గురు కుర్రాళ్ళు, మధ్యలో గిటారుతో కరుణాకర్. కింద సోఫాల్లో శశిధర్, పట్టుపంచె, మెడలో దండ. ఈ చుట్టుపక్కల సభ అంటే అంతేగా: ఒకడు ఇంకొకడికి శాలువా కప్పుతాడు, ఆ ఇంకొకడు వీడిని పొగుడుతాడు, మధ్యలో జనం టిఫిన్ ఎప్పుడని గుమ్మం వైపు చూస్తారు. శశిధర్ పక్కన ఆయన చెల్లెలు కుసుమకుమారి, పోయిన కరుణాకర్ భార్య. ఆమె ఒళ్ళో ఆయన ఫొటో. ఆ చివర వీరాస్వామి. ఆయన భుజాల మీద అప్పటికే శాలువా ఉంది. హెలెన్ ఆయన వైపే చూస్తూ వెనకవరసలో ఒక కుర్చీలో కూర్చుంది.

స్టేజీ పక్కన బల్ల మీద ఈపురుపాలెం నాగమల్లేశ్వరరావు మైకుసెట్టు. రికార్డు తిరిగే పెట్టె, ఆంప్లిఫయరు. హాలుకి అటూ ఇటూ మనిషెత్తు స్పీకరు పెట్టెలు. అదే పాటకి తర్వాత వచ్చిన పెద్ద రికార్డు, స్టీరియోది, వాళ్ళ నాన్న కొన్నదేనంట. ఈ జిల్లాలో మిగిలిన కాపీ అదొక్కటేనని మైకులో ఎవరో చెబుతున్నారు. నాగమల్లేశ్వరరావు పెళ్ళికొడుకులా తల వంచుకుని నవ్వుతున్నాడు.

పాట మొదలైంది.

శశిధర్ కుర్రగొంతు హాలంతా నిండింది. ఆ గొంతు బాగుంటుంది, అబద్ధం చెప్పడం ఎందుకు. కింద వీరాస్వామి డ్రమ్ము. రెండో చరణం అయింది. గిటారు ఎగిరి రావాల్సిన చోటు వచ్చింది. హెలెన్ వేళ్ళు చీరకొంగు మీద వాటంతటవే మడతపడ్డాయి.

ఏమీ రాలేదు. ఒట్టి డ్రమ్ము.

అప్పుడు హాలు హాలంతా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. ముందువరసలో పెద్దవాళ్ళు, వెనక కుర్రాళ్ళు, టిఫిన్ ప్లేట్లు సర్దుతున్న ఆడవాళ్ళు, అందరూ. టప్, టప్, టటప్. ఒకళ్ళు చెప్పి కొట్టించినట్టు ఒకే వరస. ఆ ఖాళీ అయిపోగానే ఒక్కసారి ఆపేశారు. మళ్ళీ శశిధర్ గొంతు.

"ఇదేంటి? ఎందుకు కొట్టారు?" హెలెన్ పక్క కుర్చీలో ఆవిడని అడిగింది.

"మీది ఈ ఊరు కాదా ఏంటి పిన్నిగారూ?" అందావిడ నవ్వుతూ. "ఈ పాటకి అక్కడ చప్పట్లే. మా పెళ్ళిలోనూ కొట్టారు. మా అమ్మావాళ్ళ పెళ్ళిలో కూడా కొట్టారంట. ఆ ఖాళీ అందుకేగా పెట్టింది!"

ఖాళీ. ఆ ఖాళీలో హెలెన్ పద్దెనిమిదేళ్ళ వయసు ఉంది. వేళ్ళు కోసుకుపోయి, గుడ్డ చుట్టుకుని, మళ్ళీ విప్పి వాయించిన గిటారు ఉంది. దాని మీద నిలబడి మూడు తరాలు చప్పట్లు కొట్టుకుంటున్నాయి.

ఆమె లేచింది. "ఆపండి!"

పాడమని పిల్లల్ని ముప్పై ఏళ్ళు కేకలేసిన గొంతు. మైకు అక్కర్లేదు. నాగమల్లేశ్వరరావు ఉలిక్కిపడి సూది ఎత్తేశాడు.

"శశిధర్! నా గిటారు ఏది?"

హాలు వెనక్కి తిరిగింది. శశిధర్ ఆమెని గుర్తుపట్టాడు. పట్టినట్టు మొహంలో కనిపించింది, మరుక్షణం ఆ మొహం మీద సభామర్యాద పరుచుకుంది. మైకు అందుకున్నాడు. "రండి హెలెనమ్మా, రండి. మన పాత స్నేహితురాలండీ. రిహార్సల్స్‌కి వచ్చి కూర్చునేది. కుర్చీ వెయ్యండయ్యా టీచరుగారికి."

"కూర్చోడానికి రాలా. గిటారు వాయించింది నేను. అది చెరిపించింది నువ్వు. ఏది?"

"ఏ గిటారమ్మా?" శశిధర్ జాలిగా నవ్వాడు. జనం వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. యాభై ఏళ్ళుగా చీరాల నుంచి రేపల్లె దాకా ప్రతి పందిట్లో మోగిన పాట. ఎవరన్నా అక్కడ గిటారు విన్నారా? ఒక్కరంటే ఒక్కరు?"

ముందువరసలో ఒక పెద్దాయన లేచి, "అమ్మా, నేనీ పాట వెయ్యిసార్లు విని ఉంటా. అక్కడ గిటారు లేదమ్మా. ఒట్టేసి చెప్తా" అన్నాడు. ఆయన మొహంలో అబద్ధం లేదు. అదే హెలెన్‌ని ఎక్కువ మండించింది. కొనుక్కున్న సాక్షులైతే తిట్టి పడేయొచ్చు. వీళ్ళు నిజంగానే వినలేదు.

"వీరాస్వామీ," అంది. "నువ్వు చెప్పు."

వీరాస్వామి శాలువా అంచు సర్దుకున్నాడు. హాలు మొత్తం ఆయన వైపు చూసింది. ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"చాలా కాలమైందమ్మా," అన్నాడు. "నాకు సరిగ్గా గుర్తులేదు."

అమ్మా అంట! నిన్న ఫోన్లో హెలెనూ. ఇవాళ శాలువా పడగానే అమ్మా. ఆ శాలువా ఖరీదు ఎంతో నాకు తెలియదు కాని, మనిషిని మాత్రం అందులో చుట్టి మూట కట్టేశారు.

హెలెన్ నేరుగా స్టేజీ మెట్లెక్కి సంచిలోంచి చిన్న రికార్డు తీసి, ఫ్లెక్సీ పక్కన నిలబడ్డ మనీషా చేతిలో పెట్టింది. "నువ్వేగా దీన్ని మళ్ళీ తెస్తున్నది? ఇది మోనో. మొదట వచ్చింది ఇదే. పెట్టి విను. విన్నాక నన్ను గెంటించు."

మనీషాకి ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో రికార్డుని అంచులతో పట్టుకుంది, పట్టుకోవడం తెలిసినదానిలా. శశిధర్ "ఇప్పుడెందుకమ్మా, గెస్టులు..." అంటుండగానే నాగమల్లేశ్వరరావుకి అందించింది. "వెయ్యండి బాబాయ్."

మోనో మోగింది. అదే పాట, అదే గొంతు. కాని ఇందులో డ్రమ్ము గుండె మీద తన్నినట్టు ఉంది. రెండో చరణం అయింది. జనం అలవాటుకొద్దీ చప్పట్లకి చేతులు లేపారు.

చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

గిటారు వచ్చింది. ఆటుపోటుకి రేవులో పడవలన్నీ ఒకదానికొకటి కొట్టుకున్నట్టు వచ్చింది. గరగరలాడుతూ, ఏడుస్తూ, తిడుతూ వచ్చింది. ఇందాక ఒట్టేసిన పెద్దాయన నోరు తెరిచి మూయలేదు. హెలెన్ పక్క కుర్చీలో ఆవిడ, "ఓయమ్మో, ఇదెక్కడిది?" అంది పైకే.

పాట అయిపోయింది. శశిధర్ దగ్గాడు. ఎంతైనా యాభై ఏళ్ళు వ్యాపారం చేసిన మనిషి, సరుకు మార్చడం తెలుసు.

"ఆఁ, ఇది మొదటి ప్రయత్నం అండీ. మోనో అంటే ట్రయల్ లాంటిది. అందులో మా బావ కరుణాకర్ గిటారు వాయించాడు. ఎక్కువైందనిపించి స్టీరియోలో తీసేశాం. ఆ త్యాగం చేసింది మా బావే." కుసుమకుమారి వైపు చెయ్యి చూపించాడు. ఆమె ఫొటో మీద కొంగు కప్పి కళ్ళు తుడుచుకుంది. జనం "అయ్యో" అన్నారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

హెలెన్‌కి కళ్ళ ముందు ఎర్రబడింది. ఇందాక గిటారే లేదన్నాడు. ఇప్పుడుందంట, అది చచ్చిపోయినాయనదంట. ఆ విధవరాలి ఏడుపు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. ఆమెని కాదంటే హెలెనే రాక్షసి అవుతుంది.

"మోనో ట్రయలా?" అంది. "సిగ్గులేదా శశీ? మోనో కలిపింది మనం. మనం ముగ్గురం శబ్దాలు కలిపే మెషీను ముందు నిలబడి, ఎవరి మీట వాళ్ళం పట్టుకుని, రెండు రోజులు తిండి లేకుండా కలిపాం. గిటారు మీట నా చేతిలో ఉంది. రికార్డింగు రోజు నుంచీ మా నాన్న కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు, ఆడపిల్లని ఒంటరిగా పంపడం ఇష్టం లేక. స్టీరియో ఎప్పుడు చేశారు? తర్వాతెప్పుడో, మనలో ఒక్కరూ లేకుండా, కంపెనీవాడెవడో గంటలో కానిచ్చాడు. నువ్వు కూడా లేవు."

షిల్లాంగ్‌లో ఆమెకి ఇది ఆదివారాల చదువు. ఆ ఊరికి రాక్ అంటే ప్రాణం. చర్చి అయ్యాక టీచర్లంతా ఒకరింట్లో చేరి పాత ఇంగ్లీషు బృందాల రికార్డులు జతలు జతలుగా పెట్టేవాళ్ళు. ఒకే పాట, మోనో ఒకటి, స్టీరియో ఒకటి. మోనోలో అన్నీ ఒక్క ముద్దగా వచ్చి మీద పడేవి. స్టీరియోలో పాట ఒక పక్కకీ వాయిద్యం ఇంకో పక్కకీ విసిరేసినట్టు ఉండేది. ఒకదాంట్లో పాట ముందే తగ్గిపోతే రెండోదాంట్లో ఇంకాస్త సాగేది. ఏది అసలుదని వాళ్ళు టీ చల్లారిపోయేదాకా కొట్టుకునేవాళ్ళు. ఎంత కొట్టుకున్నా ఒక సంగతి మాత్రం అందరూ ఒప్పుకునేవాళ్ళు: టేపు మీద ఉన్నది ఎక్కడికీ పోదు. ఏదో ఒక పక్క ఉంటుంది.

ఏదో ఒక పక్క.

హెలెన్ గిర్రున తిరిగి మైకుసెట్టు బల్ల దగ్గరికి నడిచింది. రెండువైపుల పెట్టెల్లోంచీ ఇందాక ఒకటే శబ్దం వచ్చింది. స్టీరియో రికార్డు అయితే రెండువైపులా ఒకటే ఎందుకొస్తుంది?

"ఏవయ్యా, రెండో తీగ ఏది?"

"ఏ తీగండి?" అన్నాడు నాగమల్లేశ్వరరావు.

"ఆ రికార్డు పెట్టెలోంచి రెండు పిన్నులు రావాలి. తెల్లది ఎడమ, ఎర్రది కుడి. తెల్లది పెట్టావు. ఎర్రది ఏది?"

ఆయన బల్ల కిందికి చూపించాడు. ఎర్రపిన్నుకి నల్లటేపు ఇంత మందాన చుట్టి ఉంది, విరిగిన వేలికి కట్టు కట్టినట్టు. "అది పెట్టవండి. మా నాన్నగారి టైం నుంచీ పెట్టం."

"ఎందుకు పెట్టరు?"

"పెడితే తన్నులు తినాలండీ!" నాగమల్లేశ్వరరావుకి రోషం వచ్చింది. తన పని గురించి ఎవరన్నా అడిగితే ఆయనకి ఇలాగే వస్తుంది. "పందిట్లో ఈ పక్క మగపెళ్ళివారు కూర్చుంటారు, ఆ పక్క ఆడపెళ్ళివారు. రెండు పిన్నులూ పెడితే ఈ పక్క పాట, ఆ పక్క ఒట్టి వాయిద్యం. 'మా వైపు పాట రావట్లా, దిక్కుమాలిన సెట్టు తెచ్చావు' అని ఆడపెళ్ళివారు మా నాన్న చొక్కా పట్టుకున్నారంట. అప్పట్నించీ పాటున్న పక్క పెట్టుకుంటాం, రెండోదానికి టేపు చుట్టేస్తాం. మా లైనులో అందరూ అంతే. కావాలంటే రేపల్లె దాకా ఎవర్నన్నా అడగండి. ఇది తప్పంటే మాత్రం నేనొప్పుకోను."

హెలెన్ ఆ టేపు చుట్టిన పిన్ను వైపే చూస్తోంది.

ఎవరూ చెరపలేదు. కుట్ర లేదు. రాత్రికి రాత్రి ఎవరూ కత్తిరించలేదు. ఆడపెళ్ళివారి నోటికి భయపడి చుట్టిన ఒక టేపుముక్క. దాని కింద ఆమె యాభై ఏళ్ళు ఊపిరాడకుండా ఉంది. తిట్టడానికి మనిషి దొరికితే కోపం కొంత దిగుతుంది. ఇది దిగలేదు. ఇంకా పైకెక్కింది.

మనీషా పక్కకి వచ్చి నిలబడింది. "బాబాయ్, ఫోన్లలో తిరుగుతున్న ఉప్పుకయ్య ఎక్కడిది?"

"మాదేనమ్మా. మా నాన్న ఈ లైనులోంచే క్యాసెట్టుకి ఎక్కించాడు. అదే అందరి దగ్గరా తిరుగుద్ది."

"నేను చిన్నప్పట్నించీ విన్నది సగం పాటా?" అంది మనీషా. ఎవరినీ అడగలేదు. తనలో తనే అనుకుంది.

"ఎర్రది పెట్టు," అంది హెలెన్.

"కుదరదండీ. సభ మధ్యలో..."

ఆమె ఆగలేదు. వంగి, గోళ్ళతో ఆ టేపు పీకింది. జిగురు వేళ్ళకి అంటుకుంది, లాగి పడేసింది. తెల్లపిన్ను ఊడబెరికింది. హాలు రెండు పక్కలా ఢబ్బుమని బాంబు పడ్డట్టు మోత. ముందువరస చెవులు మూసుకుంది. "నా ఆంప్లిఫయరు!" అని నాగమల్లేశ్వరరావు నెత్తి కొట్టుకున్నాడు. ఆమె ఎర్రపిన్ను తెల్లదాని చోట కుక్కింది. "ఇప్పుడు వెయ్యి పెద్ద రికార్డు. మొదట్నుంచి."

"వెయ్యద్దు," అన్నాడు శశిధర్.

"వెయ్యండి," అంది మనీషా.

సూది దిగింది.

పాట లేదు. డ్రమ్ము లేదు. శశిధర్ అసలు లేడు. హాలంతా గిటారు ఒక్కటే. బట్టలిప్పి నిలబెట్టినట్టు ఒంటరిగా. మొదటి చరణం కింద చిన్నగా నడుస్తోంది. దాని వెనకాల ఇంకేదో ఉంది. జనం మెడలు ముందుకి చాచారు.

ఆడపిల్ల గొంతు.

పాట కాదు. వాయిస్తూ వాయిస్తూ నోట్లో సన్నగా రాగం తీసుకోవడం. ఏ తీగ మీటితే ఆ స్వరం, ఊఁ ఊఁ అని. హెలెన్‌కి ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు, షిల్లాంగ్‌లో పిల్లలు వెనకాల వెక్కిరించేవాళ్ళు కూడా. మోనోలో అది శశిధర్ గొంతు కింద పూడిపోయింది. ఇక్కడ పూడ్చేవాడు లేడు. ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది.

ఆ చప్పట్ల చోటు వచ్చింది. ఒక్కరూ కొట్టలేదు. గిటారు పైకి లేచింది, గొంతూ దానితోపాటే లేచింది. అంతకంటే ఎత్తుకి పోలేక ఒకచోట చీలి, "ఛీ" అనుకుని, మళ్ళీ అందుకుంది.

అప్పుడు హెలెన్ వీరాస్వామిని చూసింది. ఆయన శాలువా కింద చేతులు కదులుతున్నాయి. మోకాళ్ళ మీద వేళ్ళు పడుతున్నాయి. డ్రమ్ము వినపడని పాటకి, డ్రమ్ము పడాల్సిన ప్రతిచోటా, గిటారు ఆగి తిరిగే ప్రతి మలుపుకీ, ముందే. గుర్తులేదన్న మనిషి! కుసుమకుమారి కూడా ఆ వేళ్ళనే చూస్తోంది. ఆయన ఆమె చూపు గమనించి చేతులు కట్టుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

"కోరస్‌కి వచ్చిన పిల్ల అయ్యుంటుంది," అన్నాడు శశిధర్, ఎవరూ అడక్కుండానే.

మనీషా ఆయన వైపు తిరిగింది. "శశి తాతయ్యా, మొదట గిటారే లేదన్నారు. తర్వాత మా తాతయ్యది అన్నారు. ఇప్పుడు కోరస్ అంటున్నారు. మా తాతయ్య గొంతు ఆడపిల్లలా ఉండేదా? ఏదో ఒక్కటి చెప్పండి, అట్ట మీద అదే వేస్తాను."

జనంలో ఎవడో కిసుక్కున నవ్వాడు. శశిధర్ మెడలో దండ ఊపిరికి లేచి పడుతోంది. హెలెన్‌కి జీవితంలో మొదటిసారి ఆ మనిషి చిన్నగా కనిపించాడు. ఇంక ఆమె పేరు చెప్పడమే మిగిలింది. మనీషా మైకు చేతిలోకి తీసుకుంది.

పాట అయిపోయింది, కాని రికార్డు ఆగలేదు. గంటలో స్టీరియో కానిచ్చిన ఆ కంపెనీవాడు కుడివైపు మీట దించడం మరిచాడు. గిటారు ఆఖరి మోత సన్నగిల్లింది. తర్వాత గరగర. కుర్చీ జరిగిన చప్పుడు. ఆడపిల్ల చెప్పుల చప్పుడు గది బయటికి వెళ్ళి, తలుపు మూసుకుంది. తర్వాత గిటారు పక్కనే కూర్చున్న మనిషెవరో గొంతు సవరించుకున్నారు.

"బాబూ శశిధర్. ఒక్కమాట."

హెలెన్ స్పీకరు పెట్టె వైపు తిరిగింది. ఆ గొంతు ఆమెకి పదాలు నేర్పిన గొంతు. రేపల్లె చర్చిలో పాటల మాస్టారిది. నాన్నది. చనిపోయి నలభై ఏళ్ళు దాటిన మనిషి, హాలు రెండు పక్కలనుంచీ మాట్లాడుతున్నాడు.

"మా పిల్ల పేరు ఎక్కడా పడకూడదు. బొమ్మ కూడా వద్దు. ఆ కారు తోలిన అబ్బాయి పేరు వేసేసుకోండి. పిల్లకి నేను చెప్పుకుంటాను."

హాలులో గుసగుసలు లేచాయి. "సొంత తండ్రే వద్దన్నాడంటయ్యా!" అని ఒకరు. "మరి ఇంక ఈ గొడవంతా ఏంటి?" అని ఇంకొకరు. ఇందాకటి పెద్దాయన హెలెన్ వైపు జాలిగా చూశాడు. ఆ జాలి చెంపదెబ్బలా తగిలింది. యాభై ఏళ్ళు శశిధర్ మీద పెంచుకున్న కోపానికి ఒక్కసారిగా ఎటు తిరగాలో తెలియలేదు. నాన్న. అట్ట మీద వేరే పేరు చూసిన రోజు తలనిమిరి, "కంపెనీవాళ్ళు మోసం చేశారమ్మా" అని తనతోపాటు ఏడ్చిన నాన్న.

ఇప్పుడు శశిధర్ నవ్వాలి. చేతులు రెండూ చాచి, విన్నారుగా అనాలి. గెలిచింది ఆయనే.

శశిధర్ నవ్వలేదు. మొహం పాలిపోయి సోఫాలోంచి లేచాడు. పంచె కాలికి అడ్డం పడుతుంటే లెక్కచెయ్యకుండా రికార్డు దగ్గరికి ఉరికాడు.

"ఆపెయ్! సూది తియ్ రా నాగమల్లేశ్వరరావ్, తియ్!"

"మీరు చెప్పినట్టే ఒప్పుకున్నాను బాబూ," రికార్డులో నాన్న గొంతు సాగుతోంది. ఈసారి వణుకుతోంది. "మరి నేనడిగిన సంగతి..."

శశిధర్ చెయ్యి సూది మీదికి వెళ్ళింది. దానికి బెత్తెడు దూరంలో ఇంకో చెయ్యి ఆ మణికట్టు పట్టుకుంది. కుసుమకుమారి. ఒళ్ళోని ఫొటో సోఫాలో బోర్లా పడి ఉంది. అన్నగారికి ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి, పిడికిలి బిగించి పట్టుకుంది.

"చెయ్యి తియ్యి అన్నయ్యా."

"నీకు తెలియదు కుసుమా. ఇది వినాల్సింది కాదు."

"మా ఆయన పేరు పెట్టి అమ్మిందేంటో నేను వినాలి," అంది కుసుమకుమారి. "ఆవిడా వినాలి."

రికార్డు తిరుగుతూనే ఉంది. గరగర. తర్వాత పెట్టెలు రెండింట్లోంచీ శశిధర్ కుర్రగొంతు, ఇందాక హాలంతా మెచ్చుకున్న అదే గొంతు, నవ్వుతూ జవాబు చెప్పడం మొదలుపెట్టింది.